కాబూలీవాలా చలనచిత్రములు: ఒక చేతిముద్ర వెనుకటి చరిత్ర

ఐదేండ్ల బాలికకును, కొండల నుండి దిగివచ్చిన పఠానునకును నడుమ కుదిరిన స్నేహము రవీంద్రనాథ ఠాకూరు రచించిన కాబూలీవాలా కథకు ప్రాణము. 1892లో సాధన పత్రికయందు వెలువడిన యీ కథను 1957లో తపన్ సిన్హా వంగభాషలో చలనచిత్రముగా తీసెను. ఛబి బిశ్వాస్ రహమతుగాను, టింకు ఠాకూర్ మినీగాను నటించిరి. ఆ చిత్రమునకు జాతీయ బహుమానములలో అఖిల భారతోత్తమ చిత్రమను గౌరవము దక్కినది. రవిశంకర్ కూర్చిన సంగీతము బెర్లిను చిత్రోత్సవమున ప్రత్యేక బహుమానము నందినది. 1961లో బిమల్ రాయ్ నిర్మాతగా హేమేన్ గుప్త దానినే హిందీలో తీసెను. అందు కాబూలీవాలా బలరాజ్ సాహ్నీ. మన్నాడే పాడిన ఒక్క పాట వలన ఈ రెండవ చిత్రము బెంగాలీ రానివారికిని సన్నిహితమైనది.

ఈ చిత్రములను గూర్చి ముచ్చటించువారు సాధారణముగా వాత్సల్య మొక్కదానినే ప్రస్తావింతురు. కన్నబిడ్డకు దూరమైన తండ్రి మరియొకరి బిడ్డయందు తన బిడ్డను చూచుకొనెననియు, వయస్సు గాని మతము గాని భాష గాని అందుకు అడ్డురాలేదనియు చెప్పుదురు. అది నిజమే. కాని కథను చరిత్ర విద్యార్థి చదువునపుడు మరియొక సంగతి స్ఫురించును. ఈ స్నేహములోని ప్రతి మలుపునందును డబ్బు ప్రసక్తి కలదు. ఎవరు ఎవరికి బాకీపడిరి, ఎవరు తీర్చిరి, ఎవరు ఎగవేసిరి అను ప్రశ్నలు కథ పొడుగునను వినిపించుచునే యుండును. వానిని విడిచి వాత్సల్యమును మాత్రమే చూచినచో రహమతు కలకత్తాకు ఏల వచ్చెనో, ఏల చెరసాల పాలయ్యెనో మనకు సరిగా బోధపడదని మా యభిప్రాయము.

రహమతు వంటివారు కల్పితులు కారు. ఆఫ్ఘన్ కొండలలోని పోవిందా అను సంచార వర్తకులు శరదృతువున ఒంటెల బిడారులతో గోమల్ కనుమ మీదుగా డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతమునకు దిగుచుండిరి. కుటుంబములను, మందలను సింధునది పరిసరములందు విడిచి, పురుషులు సరకుతో తూర్పునకు సాగిపోవుచుండిరి. రైలుమార్గములు వచ్చిన పిమ్మట కలకత్తా వారికి అందుబాటులోనికి వచ్చెను. ద్రాక్ష, బాదము, ఎండుఫలములు, ఇంగువ వారి సరకులలో ముఖ్యమైనవి. తెలుగువారి పోపులో పడు ఇంగువ తరతరములుగా ఆ కొండసీమల నుండి వచ్చినదే. ఎండలు ముదరకమునుపే వారు తిరుగుముఖము పట్టవలెను. అందుచేత శీతకాలమున అరువిచ్చిన సరకునకు సొమ్ము పోవులోపల రాబట్టుకొనవలసి యుండెను. మాఘమాసము నడుమ రహమతు స్వదేశమునకు పోవుచుండెననియు, అప్పుడు బాకీలు వసూలు చేయుటలో అతనికి తీరిక దొరకకుండెననియు రవీంద్రుడు వ్రాసినది ఈ వ్యాపార పద్ధతికి సరిగా సరిపోవుచున్నది. అరువు వ్యాపారమునకును వడ్డీ వ్యాపారమునకును దూరము కొంచెమే. అనేకులు కాలక్రమమున రెండవదానిలోనికి దిగిరి.

తెలుగువారికిని ఈ మనుష్యులు కొత్త కాదు. నైజాము రాజ్యమున రోహిలాలనబడు ఆఫ్ఘన్ సంతతివారు మొదట కూలిసేనలుగా వచ్చి, అరబ్బులవలెనే తరువాత ఋణదాతలైరి. 1857 జూలై 17వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీపై తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వమున దాడి సలిపినవారిలో వీరును కలరు. ఇంటింట పిల్లలను బెదరించుటకు చెప్పెడి బూచివాని సంచి, మినీ భయపడిన కాబూలీవాలా సంచి ఒక్క జాతివే. తన వంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ సంచిలో దొరకుదురని ఆమె నమ్మినది.

ఇక స్నేహము నడచిన తీరు చూతము. మొదట రహమతు మినీకి బాదము, కిస్‌మిస్ ఇచ్చెను. తండ్రి అర్ధరూపాయి చేత పెట్టగా అతడు సంకోచింపక పుచ్చుకొని సంచిలో వేసికొనెను. మరల చూచునప్పటికి ఆ నాణెము మినీ చేతిలో నున్నది. ఎక్కడిదని తల్లి గద్దించుచున్నది. వర్తకుడు తీసికొన్న సొమ్మును స్నేహితుడు తిరిగి యిచ్చివేసినాడన్న మాట. ఒక రాంపురీ శాలువ కొన్న పొరుగువాడు బాకీ లేదని బొంకగా, తగవు పెరిగి రహమతు కత్తి దూసెను. కారాగారమునకు మూలము ఆ బాకీయే. ఏండ్ల తరువాత మినీ వివాహదినమున అతడు ద్రాక్ష, బాదము తెచ్చెను. తండ్రి వెల యీయబోగా చేయి పట్టుకొని వారించెను. పిమ్మట తన రొమ్ము దగ్గరి నుండి మాసిన కాగితము నొకదానిని తీసి విప్పెను.

ఆ కాగితముపై నున్నది మసిపూసి అద్దిన చిన్న చేతిగుర్తు. ఛాయాచిత్రము కాదు, తైలవర్ణ చిత్రమును కాదు. ప్రేక్షకులు కంటతడి పెట్టు ఘట్టమిది. మేమును అందుకు మినహాయింపు కాము. అయినను ఈ గుర్తును గూర్చి ఒక్కమాట చెప్పవలసి యున్నది. 1858లో వంగదేశమునందలి జంగీపురమున విలియం హెర్షెల్ అను ఆంగ్లేయోద్యోగి, రాజ్యధర్ కోనాయ్ అను గుత్తదారు ఒడంబడికను ధిక్కరింపకుండుటకై, పత్రము వెనుక అతని అరచేతి నంతటిని అద్దించెను. 1877లో హుగ్లీ జిల్లాలో అతడే వేలిముద్రలను పింఛనులకును దస్తావేజుల నమోదునకును వాడుకలోనికి తెచ్చెను. 1892లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ వేలిముద్రలపై తన గ్రంథమును ప్రకటించెను. 1897లో కలకత్తాలో ఏర్పడిన వేలిముద్రల కార్యాలయము ప్రపంచమున మొదటిదిగా ప్రసిద్ధి కెక్కినది. అందు పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బసుల కృషి లేనిదే ఆ పద్ధతి నిలుచునది కాదు. రవీంద్రుడు ఈ సంగతులను తలచి కథ వ్రాసెనని మేమనము. కాని ఆనాటి వంగదేశమున కాగితముపై చేతిముద్ర యన్నచో అది నమ్మకములేని చోట పుట్టిన సాధనము. మన పల్లెలలోను వేలిముద్ర వేసినాడనగా అప్పుపత్రమే ముందు జ్ఞప్తికి వచ్చును. బాకీల వసూలుకై వీథులు తిరిగిన మనిషి ఎదపై దాచుకొన్న కాగితమున మాత్రము బాకీ లేదు. ఆ ముద్ర వేసినది అతని కూతురు, ఋణపడినవాడు అతడే.

మినీ తల్లిని గూర్చి చిత్రములు చూచినవారు తేలికగా మాటలాడుదురు. ఆమె భయస్థురాలనియు, పిల్లను ఎత్తుకొనిపోవుదురని ఊరక అనుమానించెననియు అందురు. కథలో ఆమె భర్తనడిగినది చిన్న ప్రశ్న కాదు: కాబూలులో బానిసల వ్యాపారము లేదా? అమీరు అబ్దుర్ రహమాన్ 1891 మొదలు 1893 వరకు హజారాలను అణచినపుడు వారిలో అనేకులు బానిసలుగా విక్రయింపబడిరి. అనగా ఆమె ఆ ప్రశ్న వేయుచున్న నాటికే ఆ క్రయవిక్రయములు సాగుచుండెను. బానిసత్వమును ఆ దేశ రాజ్యాంగము నిషేధించినది 1923లో. ఆమె అనుమానము రహమతు విషయమున అన్యాయమే. లోకవిషయమున అజ్ఞానము కాదు. ఆమె భర్తయో, రహమతుతో అబ్దుర్ రహమానును, రష్యనులను, ఆంగ్లేయుల సరిహద్దు విధానమును గూర్చి కాలక్షేపమునకు ముచ్చటించును. డ్యూరాండ్ సరిహద్దు రేఖపై ఒప్పందము జరిగినది మరుసటి సంవత్సరమే, 1893లో.

ఆ రేఖయే తరువాతి కథకు ముఖ్యము. 1947లో దేశవిభజనతో కలకత్తా పాత దారికి దూరమైనది. 1961 సెప్టెంబరులో పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల నడుమ దౌత్యసంబంధములు తెగి సరిహద్దు మూతపడగా పోవిందాల వలస ఆగిపోయెను. హిందీ చిత్రము విడుదలయైనది ఆ సంవత్సరము డిసెంబరులో. మాతృభూమిని తలచి పాడిన పాటను ప్రేక్షకులు వినుచున్నప్పుడు ఆ పాటగాడు పోదగిన దారి మూసి యున్నది. దర్శకుని సంకల్పమున అది యుండెనో లేదో కాని, విభజనకు పూర్వపు రావల్పిండిలో పుట్టిన బలరాజ్ సాహ్నీ ముఖమున ఆ బెంగ నటనను మించి కనబడుటలో వింత లేదు. 2023లో సుమన్ ఘోష్ ఈ కథను మరల వంగభాషలో తీయుచు కాలమును 1965కు మార్చెను. మిథున్ చక్రవర్తి రహమతు. సరిహద్దులు బిగిసిన కాలమే కథకు తగినదని ఆయనకును తోచి యుండవచ్చును.

చివరి ఘట్టమున రెండు చిత్రములను ప్రేక్షకులు బాలిక స్నేహమునకు ముగింపుగా తలతురు. నిజమునకు ఆ స్నేహము అంతకుముందే ముగిసినది. రహమతునకును మినీకిని ఒక పాత పరిహాసము కలదు, అత్తవారింటికి పోవుదువా యని. చెరసాలను అత్తవారిల్లనుట మనకును తెలిసిన ఎకసక్కెమే. శ్రీకృష్ణ జన్మస్థాన మనుటయు కలదు. సంకెళ్ళతో పోవుచు కూడ రహమతు ఆ మాటకు నవ్వెను. పెండ్లికూతురైన మినీని అదే మాట అడుగగా ఆమె సిగ్గుపడి తలవంచెను. మాట ఒక్కటే, ఇప్పుడు దాని కర్థము వేరు. రహమతు నేలపై చతికిలబడినది అప్పుడే. తన కూతురును ఈపాటికి ఇట్లే ఎదిగి యుండుననియు, ఆమెతో మరల మొదటి నుండి పరిచయము చేసికొనవలెననియు అతనికి అప్పుడు తట్టినది. ఎనిమిదేండ్ల జైలు ఆ కాగితముపై చేతిని మాత్రము పెరుగనీయలేదు.

మినీ తండ్రి ఒక నోటు తీసి అతని చేత పెట్టి, దేశమునకు పొమ్మనెను. ఆ సొమ్ము పెండ్లి ఖర్చులో నుండి తగ్గింపవలసి వచ్చినది. విద్యుద్దీపములు వెలుగలేదు, కోట బాజా రాలేదు. కలకత్తా నగరమునకు విద్యుత్తు సరఫరా మొదలైనది 1899లో గావున, కథ నాటికి పెండ్లియింట ఆ దీపములు గొప్ప విలాసము. అంతఃపురమున స్త్రీలు సణగుకొనిరి.