పంట తెగుళ్లపై వేటాడే బాక్టీరియా: బ్డెల్లోవిబ్రియో సత్తా, హద్దులు

సారాంశం

బ్డెల్లోవిబ్రియో బాక్టీరియోవోరస్ ఇతర బాక్టీరియాను వేటాడి బతికే సూక్ష్మజీవి. యాంటీబయాటిక్ స్థానంలో కాక, తెగులును తట్టుకునే వంగడాలకు తోడుగా, ముందుజాగ్రత్తగా దీన్ని వాడటమే సరైనదని ఈ వ్యాసం వాదిస్తుంది.

నేపథ్యం

ఈ జీవి బయటపడింది మొక్కల తెగుళ్ల పరిశోధనలోనే. చిక్కుడు జాతి పంటలకు తెగులు తెచ్చే సూడోమోనాస్‌ను చంపే వైరస్‌ల కోసం జర్మనీ శాస్త్రవేత్త హైన్జ్ స్టోల్ప్ మట్టిని పరీక్షిస్తుండగా, బాక్టీరియా పొరపై కొన్ని ఖాళీ మచ్చలు ఆలస్యంగా కనిపించి, ఆ తర్వాత కూడా పెరుగుతూ పోయాయి. వైరస్‌లు చేసే మచ్చల తీరు అది కాదు. 1962లో ఈ ఫలితం వెలువడింది. మరుసటి ఏడాది స్టోల్ప్, మోర్టిమర్ స్టార్ ఈ జీవికి పేరు పెట్టారు.

వేట తీరు

బ్డెల్లోవిబ్రియో ఒకే కశాభంతో వేగంగా ఈదుతూ గ్రామ్ నెగటివ్ బాక్టీరియాను ఢీకొంటుంది. బయటి పొరను తొలిచి, లోపలి పొర దాటకుండా, రెండింటి నడుమ స్థిరపడుతుంది. అక్కడినుంచి ఎర కణంలోని ప్రొటీన్లను, కేంద్రకామ్లాలను జీర్ణం చేసుకుంటూ పొడవాటి పోగులా పెరిగి, ముక్కలై, పిల్ల కణాలుగా బయటికొస్తుంది. మొత్తం మూడు, నాలుగు గంటల పని. వరి, టమాటా, నిమ్మలకు హాని చేసే జాంతోమోనాస్, రాల్‌స్టోనియాలు గ్రామ్ నెగటివ్ వర్గానివే కావడం ఇక్కడ కీలకం.

ఆధారాలు

సోయాచిక్కుడు ఆకుమాడు తెగులుపై 1973లో షెర్ఫ్ ప్రచురించిన ప్రయోగంలో, ఆ పంట వేరుమండలం నుంచే తీసిన ఒక రకం మిగతావాటికన్నా బాగా పనిచేసింది. రోగక్రిమితో కలిపి ఎక్కించినప్పుడు, వేటకణాలు 9 రెట్లో 99 రెట్లో ఉంటే తెగులు లక్షణాలు అణగాయి. దీన్నుంచి రెండు సూచనలు అందుతున్నాయి: రకం ఎంపిక ముఖ్యం, రోగక్రిమి బలపడకముందే వేటకణాలు అధిక సంఖ్యలో ఉండాలి.

హద్దులు

ఎర పలచబడితే వేటగాడికి తిండి దొరకదు. వేటకణాల్లో సగం నిలవాలన్నా మిల్లీలీటరుకు కనీసం 30 లక్షల ఎరకణాలు కావాలని 1978లో వారన్, జైగ్లర్ లెక్కగట్టారు. అందుకే ఇది రోగక్రిమి సంఖ్యను తగ్గిస్తుందే తప్ప తుడిచిపెట్టదు. ఈదడానికి తడి తప్పనిసరి. పైగా, విత్తనశుద్ధికి మన రైతులు వాడే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్, పప్పుధాన్యాలకు నత్రజని అందించే రైజోబియం కూడా గ్రామ్ నెగటివ్ జాతులే. మిత్రజీవుల మీద దీని ప్రభావం తేల్చకుండా పొలంలోకి వదలకూడదు.

మన వరి పొలాల్లో

వరి ఎండాకు తెగులు క్రిమి ఆకు అంచుల్లోని నీటి రంధ్రాల గుండా, గాయాల గుండా చొరబడి నాళాల్లో పెరుగుతుంది. లోపలికి చేరాక దాన్ని పట్టడం వేటజీవికి కష్టం. ఇక యాంటీబయాటిక్‌ల సంగతి చూస్తే, వ్యవసాయంలో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల నిషేధానికి కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా తెచ్చింది. మరోవైపు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులతో రూపొందించిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇలాంటి వంగడం మొక్క లోపల రోగక్రిమిని నిలువరిస్తుంటే, నారుమడి నీటిలోనూ ఆకుల తడిలోనూ వేటజీవి దాని సంఖ్యను తగ్గించగలదా అన్నది పరీక్షించదగిన ప్రశ్న.

ముగింపు

మన మాగాణి మట్టి నుంచే రకాలను వేరుచేయాలి. క్రిమి పూర్తిగా చచ్చిందా అని కాక, ఆకుపై తెగులు మచ్చ ఎంత విస్తరించింది, దిగుబడి ఎంత మిగిలింది, మిత్రజీవులు ఎన్ని నిలిచాయి అన్న మూడు కొలమానాలతో వాటిని తూచాలి. ఈ మూడింటిలోనూ నెగ్గిన రకాన్నే రైతు చేతికి ఇవ్వాలి.