కరువు తవ్విన బావుల్లో ఈత

రాయలసీమకు ఈత నేర్పింది కరువే. వినడానికి వింతగా ఉన్నా, కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల నీళ్ల చరిత్ర తిరగేస్తే ఈ మాటే నిజమని తేలుతుంది.

వేంపల్లెకు నది లేక కాదు. కర్ణాటకలోని నంది కొండల వైపు నుంచి వచ్చే పాపాఘ్ని గండి దగ్గర కొండను చీల్చుకుని, వీరాంజనేయస్వామి గుడి పక్కగా పారి, వేంపల్లెను తాకి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుక ఏరు. ఇసుకలో చెలమ తీసుకుని నీళ్లు తోడుకోవలసిన ఏట్లో ఈత ఎవరు నేర్చుకుంటారు? వాన పడ్డప్పుడు వచ్చే నీళ్లు ఈదేవి కావు, మనిషిని ఈడ్చుకుపోయేవి. కాబట్టి ఈ సీమలో ఈత ఏటిలో పుట్టలేదు.

చెరువులో పుట్టిందా అంటే అదీ సందేహమే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించాడు. 1369 నాటి ఆ చెరువు శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని, ఆరు దోషాలుండకూడదని చెబుతుంది. నీటి పనిలో ఇంత నేర్పున్నవాళ్లు చెరువులను పొలం కోసం కట్టారు. అవి వేసవికి బురద తేలే చెరువులు. గుడి కోనేళ్లు స్నానానికే కానీ పందేలకు కాదు.

అయితే ఒంటి సాధన మాత్రం ఈ నేలకు పాతదే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే లేచి ముప్పావు పింటు నువ్వుల నూనె తాగేవాడట. మన లెక్కలో అర లీటరుకు కొంచెం తక్కువ. అదే నూనె ఒళ్లంతా పట్టించుకుని, మట్టితో చేసిన బరువులెత్తి, పట్టిన నూనె అంతా చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, ఆపైన ఒక జెట్టితో కుస్తీ పట్టి, పొద్దు పొడిచేదాకా గుర్రం తోలి, అప్పుడు స్నానానికి వెళ్లేవాడు. ఈనాటి కోచ్ ఎవరైనా ఆ నూనె మోతాదు చూసి తల పట్టుకుంటాడు. వేళ విషయంలో మాత్రం వేలు పెట్టలేడు.

ఇక కరువు సంగతి. 1876-78 నాటి మహాకరువు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. దాని తరువాత 1880లో కరువు కమిషను నివేదిక వచ్చింది, 1883లో భూమి అభివృద్ధి అప్పుల చట్టం వచ్చింది. ప్రభుత్వమిచ్చే తక్కావి అప్పు తెచ్చుకుని రైతులు బావులు తవ్వించుకున్నారు. కర్నూలు-కడప కాలువను ప్రైవేటు కంపెనీ 1860లలో తవ్వి నష్టపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది కానీ ఆ నీళ్లు వేంపల్లె దాకా రాలేదు. ఈ ప్రాంతానికి దిక్కు బావే. రాతిని పగలగొట్టి తవ్విన పెద్ద బావి, ఒక పక్క నీళ్లు తోడే కపిల తోలడానికి ఎడ్లు దిగే వాలు, ఇంకో పక్క గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లు. అందులో నాలుగు నిలువుల నీళ్లు. సీమ పిల్లల ఈత బడి అది.

ఆ బడిలో పాఠం ఎలా సాగేదో పాతతరంవాళ్లు ఎవరైనా చెబుతారు. నడుముకు ఎండు సొరబుర్రో, బెండో కట్టి నాన్నో మామో మెట్టు మీద నుంచి తోసేవాడు. పిల్లోడు నాలుగు గుటకలు నీళ్లు మింగి, దగ్గి, ఏడ్చి, కాళ్లూ చేతులూ ఆడించేవాడు. నాలుగైదు రోజులకు బెండు సగం కోసేవాళ్లు. ఆ తరువాత పూర్తిగా విప్పేవాళ్లు. ఒడ్డున కూర్చున్న పెద్దాయన "కాళ్లు ఆడించరా, చేతులు కాదు" అని అరిచేవాడు. ముందు కుక్క ఈత, ఆపైన బార ఈత, వెల్లకిల ఈత. చివరి పరీక్ష ఒక్కటే: పైనుంచి దూకి, అడుగుకు మునిగి, గుప్పెడు బురద తెచ్చి చూపాలి. బురద లేకుండా పైకి తేలినవాడి మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఊపిరి బిగబట్టడం, చన్నీళ్లకు భయపడకపోవడం, నీటిలో కళ్లు తెరవడం, ఈ మూడూ బావి ఉచితంగా నేర్పింది.

బావి నేర్పనిది కూడా ఉంది. గట్టు నుంచి గట్టుకు నాలుగైదు బారల దూరమే. తల పైకెత్తి ఈదడమే అలవాటు. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే నీళ్లు ఎదురు తంతాయి. నీటి సాంద్రత గాలికి దాదాపు 800 రెట్లు. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే పందెపు ఈతలో బలం కంటే ముందు ఒళ్లు బాణంలా సాగదీయడం నేర్పుతారు. బావిలో ఏళ్ల తరబడి ఈదిన కుర్రాడు కొలనులో 50 మీటర్లకే ఎగశ్వాస పడేది కండ లేక కాదు, తల ఎక్కడ పెట్టాలో తెలియక.

ఆ తెలివి మిగతా ప్రపంచానికి కూడా ఒక్క రోజులో రాలేదు. మన మహాకరువుకు ఏడాది ముందు, 1875 ఆగస్టులో, కెప్టెన్ మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ ఛానల్‌ను కప్ప ఈతతో 21 గంటల 45 నిమిషాల్లో దాటాడు. ఒంటికి సముద్రపు పంది అనదగ్గ పోర్పస్ నూనె పట్టించుకున్నాడు, దారిలో బ్రాందీ, కాఫీ, గొడ్డుమాంసపు కషాయం తాగాడు. నూనె విషయంలో రాయలూ వెబ్బూ ఒకే బడి. 1922లో అమెరికా ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ 100 మీటర్లు నిమిషం లోపు ఈదాడు. ఆపైన శిక్షణ శాస్త్రంగా మారింది. అమెరికాలో కోచ్ డాక్ కౌన్సిల్‌మన్ నీటి అడుగున కెమెరా పెట్టి చేతి కదలిక చూశాడు. దూరాన్ని ముక్కలు చేసి, మధ్యలో కొలిచిన విరామమిచ్చి ఈదించే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. 1968లో ఆయన పుస్తకం ఈత కోచ్‌ల చేతిలో వాచకమైంది. 1976 ఒలింపిక్స్ నాటికి కళ్లద్దాలకు అనుమతి దొరికింది. చిన్న సంగతే కానీ క్లోరిన్ నీళ్లలో గంటల తరబడి ఈదడం దానివల్లే సాధ్యమైంది. దాంతో రోజుకు పది, పదిహేను కిలోమీటర్లు ఈదించే పిచ్చి పట్టుకుంది. 1991లో వ్యాయామ శాస్త్రవేత్త డేవిడ్ కాస్టిల్ బృందం ఒకపూట ఈదేవాళ్లనూ రెండుపూటలా ఈదేవాళ్లనూ పోల్చి చూస్తే, రెట్టింపు ఈత వల్ల రెట్టింపు ఫలితమేమీ రాలేదు. మన దగ్గర పిల్లల్ని రెండుపూటలా నీళ్లలో నానబెట్టే తల్లిదండ్రులు ఈ ముక్క చెవిన వేసుకోవాలి.

మన దేశపు పందెపు ఈతలో మొదటి పెద్ద పేరు సచిన్ నాగ్. కాశీలో గంగలో ఈది పెరిగిన ఆయన 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఆ తరువాత ఈత పందెంలో ఆసియా స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. తెలుగునాట విజయవాడ కుర్రాళ్లకు కృష్ణ ఉంది, అక్కడ నది దాటే పోటీలు జరుగుతాయి. హైదరాబాదుకు 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల పుణ్యమా అని గచ్చిబౌలి కొలను దక్కింది. 2014 విభజనతో అది తెలంగాణకు వెళ్లింది. సీమ పిల్లవాడికి నిజానికి హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర. దేశంలో మేటి ఈత శిక్షణ కూడా అక్కడి బసవనగుడి లాంటి కేంద్రాల్లోనే ఉంది. దారి దగ్గరే, అక్కడి గది అద్దె, ఫీజు మాత్రం వేరుశనగ రైతుకు అందేవి కావు.

తిండి విషయంలో మాత్రం సీమ ఎవరికీ తీసిపోదు. రోజూ రెండు గంటలకు పైగా ఈదేవాళ్లు ఒంటి బరువులో కిలోకు 6 నుంచి 10 గ్రాముల పిండిపదార్థం, 1.6 గ్రాముల చొప్పున మాంసకృత్తులు తినాలంటారు. 50 కిలోల కుర్రాడికి అది 300 నుంచి 500 గ్రాముల పిండిపదార్థం, 80 గ్రాముల మాంసకృత్తులు. రెండు పూటలా రాగి సంగటి, ఒక పూట అన్నం, పులివెందుల వైపు పండే అరటిపళ్లు నాలుగు ఉంటే మొదటి లెక్క దాదాపు తీరిపోతుంది. వంద గ్రాముల శెనక్కాయ గింజల్లో 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. అలసందలు, ఉలవలు, గుడ్లు, పెరుగు, వారానికి రెండుసార్లు నాటుకోడి చేరితే రెండో లెక్కా తీరుతుంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉందన్నది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల మాట. వేల రూపాయలు పోసి ప్రొటీన్ డబ్బాలు కొనడం ఈ జిల్లాలో నాకు అనవసరంగానే కనబడుతుంది.

తప్పు జరిగేది వేళ దగ్గర. సంగటి ముద్ద తిని గంటకే నీళ్లలో దిగితే కడుపు పట్టేస్తుంది. ముద్దకు మూడు గంటల ఎడం ఉండాలి. తెల్లవారు ఈతకు ముందు ఒక అరటిపండు చాలు. బయటికి వచ్చిన గంటలోపు రెండు గుడ్లు, ఒక ప్లేటు ఉగ్గాని తింటే సరి. ఉగ్గాని పక్కన బజ్జీ మాత్రం ఆదివారానికి ఉంచుకోండి. ఇంకొకటి, నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, తెలియదంతే. కడప ఎండలో ఉప్పు వేసిన మజ్జిగ చెంబెడు గట్టున ఉండాలి. ఆడపిల్లలకు ఐరన్ తగ్గకుండా ఆకుకూర, చీనీ రసం కలిసి వెళ్లాలి.

రోజూ గురి నిలపడం గురించి ఉపన్యాసాలు చాలా ఉన్నాయి, నాకు ఒక్క ఉదాహరణ చాలు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో మైఖేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లో నీళ్లు నిండాయి. గోడ కనబడలేదు. అయినా బారలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి 1 నిమిషం 52.03 సెకన్లతో ప్రపంచ రికార్డుతో గెలిచాడు. ఆ లెక్క ఆ రోజు పుట్టింది కాదు, ఏళ్ల తరబడి ప్రతి పొడవుకూ ఎన్ని బారలో గమనించిన అలవాటు. మన పిల్లలకైనా ఒక నోటుబుక్కు చాలు: ఈరోజు దూరం, సమయం, బారల సంఖ్య, పొద్దున్నే నాడి, రాత్రి నిద్ర. తొమ్మిది గంటలకు ఫోను పక్కన పెట్టకపోతే నాలుగున్నరకు లేవడం కుదరదు.

వయసు మీరాక సాధించినవాళ్లూ మనలో ఉన్నారు. సామర్లకోట మూలాలున్న గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటికి దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటింది. విజయవాడ పోలీసు ఉద్యోగి మోతుకూరి తులసీ చైతన్య పాక్ జలసంధితో పాటు అమెరికాలో కాటలినా ఛానల్ కూడా ఈది, 2022 సంవత్సరానికి టెన్జింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారం అందుకున్నాడు. ఇద్దరిదీ కోస్తా. సీమ పేరు ఆ వరుసలో లేదు.

ఎందుకు లేదన్నదానికి జవాబు మళ్లీ బావిలోనే దొరుకుతుంది. కరెంటు మోటార్లు వచ్చి కపిల ఆగింది. ఆపైన బోర్లు వచ్చాయి. వందల అడుగుల లోతు నుంచి నీరు లాగేసరికి బావి ఎండింది. ఎండిన బావుల్లో కొన్నిటిని పూడ్చారు, కొన్ని చెత్తకుప్పలయ్యాయి. తాతకు వచ్చిన ఈత మనవడికి రాలేదు. నీళ్లు మాత్రం వచ్చే రోజున వస్తాయి: 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. దేశంలో ఏటా 35 వేల మందికి పైగా నీట మునిగి పోతున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. నాపరాయి గనుల గుంతల్లోకి ఈత సరదాకు దిగే సీమ పిల్లలు ఎవరి పర్యవేక్షణలో దిగుతున్నారో తల్లిదండ్రులే ఆలోచించాలి.

పిల్లలు పర్యవేక్షణలో ఈత నేర్వడానికి ఒక కొలను కట్టాలంటే, ఇంత పొడినేలలో అది దుబారా కదా అనేవాళ్లకు ఒక లెక్క. 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతున్న కొలనులో పట్టేది సుమారు 5.6 లక్షల లీటర్లు. వడపోసి అదే నీటిని తిప్పుతారు. ఎండకు ఏడాదిలో రెండు మీటర్ల మేర ఆవిరైనా మరో 7.5 లక్షల లీటర్లు. రెండూ కలిపినా 13 లక్షల చిల్లర. ఎకరా వరిమడికి ఒక్క పంటకు 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టాలంటే దాదాపు 48 లక్షల లీటర్లు కావాలి. వేంపల్లెలో ఒక కొలనుకు ఏడాది పొడవునా పట్టే నీరు, ఎకరా వరి ఒక్క కారులో తాగే నీటిలో మూడో వంతు కూడా లేదు.