పాండురోగము – పత్రసారము



గత కార్తికమాసంలో ఒక సోమవారం సాయంకాలం మా ప్రసంగం ముగిసి, హారతి అయి, భక్తులు తీర్థప్రసాదాలకు లేచిన సమయంలో ఒక చిన్నది మా దగ్గరకు వచ్చి నమస్కరించి నిలబడినది. నిండా ఇరవై రెండేళ్ళు ఉండవు. ఐదవ మాసం. పక్కనే అత్తగారు ఉన్నారు. "తాతగారూ, నేను సోమవారాలు ఉపవాసం ఉంటున్నాను. ఆసుపత్రిలో రోజూ వేసుకోమని ఎర్రమాత్రలు ఇచ్చారు. ఉపవాసంనాడు మాత్ర వేసుకొంటే వ్రతభంగం అవుతుందా?" అని అడిగినది. అత్తగారు మాట అందుకొని, "మా రోజుల్లో ఈ మాత్రలెక్కడివండీ? మేము పిల్లల్ని కనలేదా?" అన్నారు.

మొదటి ప్రశ్నకు సమాధానం సులభం. వ్రతాన్ని చెరపనివి ఎనిమిది అని ధర్మశాస్త్రకారులు లెక్కించి చెప్పినారు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఔషధాన్ని పెద్దలు ఏనాడో విడిచిపెట్టినారు. పైగా గర్భిణికి, బాలునికి, రోగికి కఠినమైన ఉపవాసం విధి కాదు. అందుచేత, "మాత్ర మానవద్దు తల్లీ, ఉపవాసమే మానివేయి. భోజనం చేసి స్వామికి దీపం పెట్టుకో, చాలు" అని చెప్పినాము. అత్తగారి ప్రశ్నకు మాత్రం ఆ పూట సమాధానం చెప్పలేకపోయినాము. ఆమె అడిగిన తీరు మాకు బాగా తెలిసినది. ఆ మాట మేము మా ఇంటిలోనే విన్నాము. ఆ సంగతి తరువాత మనవి చేస్తాము. ముందు ఆ ఎర్రమాత్ర కథ చెప్పుకొందాము.

ఆ మాత్రలో ముఖ్యంగా రెండు పదార్థాలు ఉన్నవి. ఒకటి ఇనుము, రెండవది ఫోలిక్ ఆమ్లం. ఇనుము మన వైద్యానికి కొత్త కాదు. చరకసంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం గ్రహణి అనే జీర్ణవ్యాధిని గురించి, 16వ అధ్యాయం పాండురోగాన్ని గురించి చెబుతున్నవి. శరీరం పాలిపోవడం, ఆయాసం, గుండెదడ, నీరసం అనే లక్షణాలను వర్ణించి, లోహభస్మంతోను, మండూరంతోను చేసిన యోగాలను ఆచార్యుడు అక్కడ విధించినాడు. ఈ రెండు వ్యాధులనూ పక్కపక్క అధ్యాయాలలో ఉంచడం గమనించదగినది. ప్రేగులు చెడితే రక్తం చెడుతుందన్నది నేటి వైద్యులు కూడా అంగీకరించే మాట. అయితే ఇనుము ఇచ్చినా తగ్గని పాండురోగం ఒకటి ఉన్నది. రెండవ పదార్థం కథ దానికి సంబంధించినదే. ఆ కథ తాళపత్రాలలో దొరకదు. బొంబాయిలోను, మద్రాసులోను ప్రసూతి ఆసుపత్రుల మంచాల దగ్గర దొరుకుతుంది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి పరేలులోని హాఫ్‌కిన్ సంస్థకు వచ్చినది. ఆమె కేంబ్రిడ్జిలో మొదట చదివినది వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం. తరువాత వైద్యం చదివినది. బొంబాయిలో బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలు గర్భిణులుగా ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతకు గురై మరణిస్తూ ఉండేవారు. వారి రక్తాన్ని సూక్ష్మదర్శినితో చూస్తే ఎర్రకణాలు సంఖ్యలో తక్కువగాను, పరిమాణంలో మాత్రం ఉండవలసినదానికంటె పెద్దవిగాను కనిపించేవి. అది ఏదో అంటురోగమని కొందరు అనుకొన్నారు. విల్స్ ఇంటింటి భోజనం విచారించినది. పళ్ళెంలో కూరలు, పండ్లు లేనిచోటనే ఈ జబ్బు ఎక్కువని గ్రహించినది. ఆ పేదల భోజనం వంటిదే ఎలుకలకు, కోతులకు పెట్టి చూచినది. కోతులకు అదే విధమైన రక్తహీనత వచ్చినది. అప్పుడు ఈస్టు సారం పెట్టగా అవి కోలుకొన్నవి. తరువాత ఆ సారాన్నే గర్భిణులకు ఇచ్చినది. వారూ లేచి కూర్చున్నారు. ఈ ఫలితాలను 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినది.

ఈ ఈస్టు అంటే ఏమిటని మీరు అడగవచ్చును. మన సంస్కృతంలో దానికి దగ్గరగా కిణ్వం అనే మాట ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణంలో ఈ కిణ్వం ప్రస్తావన చూడవచ్చును. విల్స్ వాడిన సారం మద్యం తయారయ్యేచోట మిగిలిపోయిన ఈస్టు నుండి తీసినదే. మా వంటి వైదికులకు చెవులు మూసుకొనవలసిన మాటే! అయినా ప్రాణాపాయంలో ఉన్న తల్లి దగ్గర ఆ చర్చ పనికిరాదు. అది చవకైనది, పేదలకు అందేది. అప్పటికే పాశ్చాత్యదేశాలలో వేరొక పాండురోగానికి పశువుల కాలేయం మందుగా పెట్టేవారు. 1926లో మినో, మర్ఫీ అనే వైద్యులు కనిపెట్టిన చికిత్స అది. ఆ కాలేయసారాన్ని శుద్ధిచేసి ఇస్తే ఆ రోగం తగ్గినది కాని, విల్స్ చూచిన గర్భిణులకు గుణం ఇవ్వలేదు. కాబట్టి రక్తవృద్ధికి కావలసిన పదార్థం ఒకటి కాదు, రెండు ఉన్నవని తేలినది. ఈ భేదాన్ని శ్రోతలు గుర్తుంచుకోవాలి. చివరలో మళ్ళీ దీని పని పడుతుంది.

విల్స్ కూనూరులోను, మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోను కూడ పనిచేసినది. పరాయి పురుషుల ఎదుటకు రాని స్త్రీలకోసం 1885లో వెలసిన ఆసుపత్రి అది. దానికి మన వేంకటగిరి రాజావారు విరాళమిచ్చినారు. నేడు దానిని కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అంటున్నారు.

ఆ పదార్థమేదో పేరులేకుండానే పదేళ్ళు గడిచినవి. 1941లో అమెరికాలోని టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు పరిశోధకులు 4 టన్నుల పాలకూర నుండి ఒక పదార్థాన్ని తీసినారు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు. అందుచేత దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టినారు. బండ్లకొద్దీ కూర ఉడికిస్తే చేతికి వచ్చినది లేశమాత్రం. ఆ లెక్కన లోకానికంతటికీ మందు ఎలా చేయగలరు?

ఇక్కడ మన తెలుగుబిడ్డ ఒకరు కథలో ప్రవేశిస్తున్నారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవక, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొందామని ఇల్లు విడిచి వెళ్ళినారు. తల్లి వెంకమ్మగారు తిరిగి రప్పించి బడిలో కూర్చోబెట్టినారు. తరువాత రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని సంకల్పించినారు. తల్లి అనుమతి ఇవ్వలేదు. అప్పుడు మద్రాసు వైద్యకళాశాలలో చేరినారు. స్వదేశీ ఉద్యమకాలం కాబట్టి అక్కడ ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టానికి బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకొన్నారు. ఆ రోజులలోనే ఆయన సోదరులు ఇద్దరు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించినారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో రక్తం క్షీణించే వ్యాధి అది. మన గ్రహణీ లక్షణాలకు చాలా దగ్గర. ఆయనకే ఆ వ్యాధి సోకితే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికినారని ఆయన చరిత్రకారులు వ్రాసినారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో ఆయన బోధకులుగా కూడ పనిచేసినారు. కాబట్టి ఆయుర్వేదాన్ని తక్కువచేసి చూచే మనిషి కాదు. అయినా ఆ వైద్యం ఎందుకు పనిచేసినదో, సోదరులు ఎందుకు దక్కలేదో తెలుసుకొనే నిమిత్తం సముద్రం దాటినారు.

హార్వర్డులో ఆయన చేసిన పనులు చాలా ఉన్నవి. ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి, 1929లో శరీరశక్తికి మూలమైన ఏ.టి.పి.ని గురించిన ప్రకటన, ఇవన్నీ వేరుగా ఒక ప్రసంగానికి తగినవి. 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించినారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. బండెడు ఆకు అక్కరలేకుండా మందు సిద్ధమైనది. దానిని పాండురోగులకు, స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా రక్తం వృద్ధిపొందినది. సోదరులను తీసుకొనిపోయిన వ్యాధికి మందు సుమారు పాతికేళ్ళకు ఆయన చేతిమీదుగానే వచ్చినదన్నమాట. దాని వ్యతిరేకపదార్థాలను కూడ ఆయన బృందమే తయారుచేయగా, సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాటిని రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితం ప్రకటించినాడు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించినారు. ఆయన శతజయంతికి 1995లో మన ప్రభుత్వం తపాలాబిళ్ళ వేసినది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 1962లో మాకు 12 ఏళ్ళు. వేదపాఠశాల నుండి సెలవులకు ఇంటికి వచ్చినాము. మా అక్కగారు రెండవ కానుపుకు పుట్టింటికి వచ్చి ఉన్నారు. ముఖం సున్నం కొట్టిన గోడవలె తెల్లగా ఉండేది. నూతి దగ్గరనుండి వంటింటికి నడిస్తే కూర్చుండిపోయేవారు. వానచినుకు పడినప్పుడు గోడ మట్టిపెళ్ళలు చాటుగా తింటూ ఉంటే వేవిళ్ళ కోరిక అని అందరూ నవ్వేవారు, మేమూ నవ్వినాము. తోటకూర, గోంగూర వేడిచేస్తవని, వాతమని మా నాయనమ్మగారు ముట్టనివ్వలేదు. ఆమె దుర్మార్గురాలు కాదు, మనుమరాలిని ప్రాణంగా చూచుకొన్నది. ఆమెకు ఆమె అత్తగారు చెప్పినది, ఈమెకు ఈమె చెప్పినది. ఎవరో మందు మాట ఎత్తితే, "మేము కనలేదా?" అన్నది. అక్కగారు కానుపైన మూడవనాడు పోయినారు. ఆమెకు 21 ఏళ్ళు.

చాలా ఏళ్ళ తరువాత మేము చరకసంహిత తెరచి చూచినాము. పాండురోగాన్ని ఐదు విధాలుగా చెప్పి, మన్ను తినడం వలన వచ్చేదానిని ఐదవదిగా అక్కడ పేర్కొన్నారు. రక్తంలో ఇనుము తగ్గినవారికి మట్టి తినాలనే కోరిక పుడుతుందని నేటి వైద్యులు చెబుతారు. ఏది ముందు, ఏది వెనుక అన్న వాదం అలా ఉంచితే, మట్టికీ పాలిపోయిన ముఖానికీ సంబంధమున్నదని ఆచార్యుడు చూచినాడు. శారీరస్థానం 8వ అధ్యాయంలో గర్భిణికి మాసమాసానికీ పాలు, వెన్న, నెయ్యి అంటూ ఆహారక్రమం విధించినాడు. ఆ గ్రంథం మా ఇంటి అటకమీదనే ఉన్నది! కూర వద్దన్న మాట మాత్రం ఆ గ్రంథంలోనిది కాదు, వంటింటిది. "అంతా మన శాస్త్రాలలో ఉన్నది" అని సభలలో చెప్పడం మాకు కూడ అలవాటే. ఆ మాట నోటికి వచ్చినప్పుడల్లా ఆ అటక కనబడుతుంది.

1991లో మరొక సంగతి వెల్లడైనది. వెన్నెముక, మెదడు సరిగా మూసుకొనని శిశువును ఒకసారి కన్న తల్లులకు తరువాతి గర్భానికి ముందునుండి ఫోలిక్ ఆమ్లం ఇచ్చి, 7 దేశాలలో 33 కేంద్రాలలో పరీక్షించినారు. 1,817 మంది స్త్రీలు ఈ పరీక్షలో చేరినారు. ఆ లోపం మళ్ళీ రావడం సుమారు 72 శాతం తగ్గినది. ఈ లాభం చూచి పరీక్షను ముందుగానే ఆపివేసి ఫలితం ప్రకటించినారు. శిశువు వెన్నునాళం గర్భం నిలిచిన నాలుగు వారాలలోనే మూసుకొంటుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భిణులమన్న సంగతే తెలియదు. అందుచేత సంతానం కోరుకొనే స్త్రీలు ముందుగానే రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని వైద్యులు చెబుతున్నారు. ఐదవ మాసంలో మొదలుపెట్టిన మాత్ర తల్లి రక్తానికి ఉపయోగిస్తుంది కాని, వెన్నెముక విషయంలో సమయం మించిపోయినట్లే. నూతన వధూవరులను ఆశీర్వదించే పెద్దలు ఈ ఒక్క ముక్క వారి చెవిని వేయవచ్చును. జాతీయ కుటుంబారోగ్య సర్వే 2019–21 లెక్కలలో మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఈ మండపంలో ఎడమవైపు కూర్చునే తల్లులను చూచినప్పుడు ఆ అంకె మాకు గుర్తుకు వస్తుంది.

తరువాతి సోమవారం ఆ అత్తగారు ఒంటరిగా వచ్చినారు. కూర ఎలా వండిపెట్టాలని అడిగినారు. ఈ సారం నీటిలో కరిగిపోయేది, ఎక్కువసేపు ఉడికితే నశించేది. కాబట్టి ఉడికించిన నీరు పారబోయకుండా, కొద్ది నీటితో పప్పులో వేసి వండమన్నాము. పెసలు, శనగలు కూడ మంచివే. కూరతోపాటు మాత్ర కూడ కావలసినదే, ఒకటి ఉన్నదని రెండవది మానవద్దని చెప్పినాము. ఆమె వెళ్ళబోతూ, తనకు కొంతకాలంగా అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నవని, కోడలి మాత్రలే తానూ రెండు వేసుకొంటే తగ్గుతుందా అని అడిగినారు.

శ్రోతలు గుర్తుంచుకోవాలని మేము చెప్పిన భేదం ఇదే. కాలేయంలోని ఆ రెండవ పదార్థాన్ని 1948లో శుద్ధంగా వేరుచేసి బి12 విటమిన్ అన్నారు. అది ఆకులో లేదు, పప్పులో లేదు. మన వంటి శాకాహారులకు పాలు, పెరుగులో కొంత దొరుకుతుంది, అది అందరికీ చాలదు. అది లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటవి. ఫోలిక్ ఆమ్లం వచ్చిన తొలి సంవత్సరాలలో వైద్యులే ఈ పొరపాటు చేసి తెలుసుకొన్నారు. ఆమె జన్మలో గుడ్డు కూడ ముట్టని మనిషి. కోడలి మాత్రలు ముట్టవద్దని, ముందు బి12 రక్తపరీక్ష చేయించుకొమ్మని ఆసుపత్రికి పంపినాము.