ఉప్పు అడిగిన గ్రహాంతరవాసి

కథ మొదలయ్యేది ఎం-113 అనే ఎండిపోయిన గ్రహం మీద. ఎప్పుడో అంతరించిన నాగరికత తాలూకు శిథిలాలు, వాటి మధ్య బతుకీడుస్తున్న ఒక పురావస్తు పరిశోధకుడు, ఆయన భార్య. పైనుంచి ఓడ దిగి వచ్చిన కెప్టెన్ కిర్క్‌ను ఆ పెద్దమనిషి అడిగేది బంగారమూ కాదు, మందులూ కాదు. ఉప్పు బిళ్లలు. స్టార్ ట్రెక్ పేరుతో అమెరికాలో ప్రసారమైన తొలి ఎపిసోడ్ 'ది మ్యాన్ ట్రాప్' ఇదే. తేదీ 1966 సెప్టెంబర్ 8.

నిజానికి చిత్రీకరణ వరుసలో అది మొదటిది కాదు. ఓ కొత్త గ్రహం, దాని మీద ఓ రాక్షసి ఉన్న కథైతే జనాన్ని ఇట్టే పట్టేస్తుందని ఎన్‌బీసీ వాళ్లు దాన్ని ముందుకు జరిపారు. పరిశోధకుడి భార్య ఎప్పుడో చనిపోయింది. ఆమె రూపంలో తిరుగుతున్నది ఆ గ్రహపు చివరి జీవి. ఉప్పు లేకపోతే బతకలేదు గనక మనుషుల ఒంట్లోని ఉప్పును పీల్చేస్తుంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం పీఠభూమి మనిషికి ఈ కథ అంత పరాయిదేమీ కాదు. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యపు తడి ఇక్కడికి చేరేలోగా పలచబడుతుంది. ఎండిన నేలా, పాడుబడ్డ కోటలూ ఇక్కడ ఏ సెట్టింగూ వేయకుండానే దొరుకుతాయి. వేరుశనగ చేలో చెమటోడ్చి వచ్చినవాడికి ఉప్పు వేసిన మజ్జిగ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

1980లలో దూరదర్శన్ ఈ సిరీస్‌ను ఆదివారం ఉదయాల్లో చూపింది. అది కరువు సీమలకు చేరిన దారి సిరీస్ కంటే తక్కువ వింతేం కాదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్‌లోనే మొదలైంది గానీ, మూడున్నర వందల కిలోమీటర్ల దూరంలోని అనంతపురానికి ఆ టవర్ సిగ్నల్ అందే మాటే లేదు. ఆ దూరాన్ని తుడిచేసింది ఇన్సాట్-1బి ఉపగ్రహం. 1983 ఆగస్టు 30న, రాత్రివేళ, ఛాలెంజర్ అనే నిజమైన అంతరిక్ష నౌక దాన్ని మోసుకెళ్లింది. పైకి వెళ్లాక సౌరఫలకం సరిగా తెరుచుకోక కొన్నాళ్లు సతాయించింది కూడా. దాన్ని అదుపు చేసే కేంద్రం పక్క రాష్ట్రంలోని హాసన్‌లో ఉండేది. కల్పిత ఓడ మన ఇళ్లలోకి రావడానికి ముందు అసలు ఓడ ఒకటి ఆకాశంలోకి వెళ్లాల్సి వచ్చిందన్నమాట.

1984లో దేశమంతటా కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున ఆ ఉపగ్రహ సిగ్నల్‌ను పంచే ట్రాన్స్‌మిటర్లు లేచాయి. చిన్న పట్టణాలకు దక్కినవి ఎక్కువగా నూరు వాట్లవి. అప్పట్లో మన ఇంటి బల్బూ నూరు వాట్లే మరి! పది పదిహేను కిలోమీటర్లు దాటితే తెర మీద చీమలు పారేవి. అందుకే మిద్దె మీద ఒకరు, కింద ఒకరు. "కనపడ్తాందా?" "ల్యా, ఇంగొంచెం తిప్పప్పా!" ఈసీ టీవీయో డయనోరాయో సాలిడేరో, పెట్టె ఏదైనా ఈ తతంగం తప్పేది కాదు. అల్యూమినియం కడ్డీల ఆంటెనా మీద కాకి వాలితే సిరీస్‌లోని స్పాక్ చెవులు నాలుగయ్యేవి.

ఇంకో చిక్కుంది. ఈ చిన్న ట్రాన్స్‌మిటర్లు ఉపగ్రహం నుంచి దిగిన ఢిల్లీ కార్యక్రమాన్ని తిరిగి పంచేవే తప్ప సొంతంగా ఏమీ తయారు చేసేవి కావు. కాబట్టి సీమ ఊళ్లకు దొరికింది హిందీ, ఇంగ్లీషు. తొలి ఎపిసోడ్‌లో ఒక చక్కని ఘట్టం ఉంది: ఓడ సిబ్బందిలోని ఉహురాను వలలో వేసుకోవడానికి ఆ జీవి ఆఫ్రికా యువకుడి రూపం దాల్చి, ఆమెతో స్వాహిలీలో మాట్లాడుతుంది. మనసు గెలవాలంటే అవతలివాళ్ల భాష రావాలని ఆ ఉప్పు రాక్షసికి తెలిసింది. ఢిల్లీలోని దూరదర్శన్ కార్యాలయం మండీ హౌస్‌కు అది తట్టడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ ఇంగ్లీషు ఎంతమందికి అర్థమైందో గానీ, మనుషులు మెరుపులై మాయమై మరోచోట తేలడం మాత్రం ఎవరికీ తర్జుమా చేయాల్సిన అవసరం లేకపోయింది. పురాణాలు విన్న చెవులకూ తోలుబొమ్మలాట చూసిన కళ్లకూ అంతర్ధానం అలవాటైన విద్యే. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట వాళ్లది 2022 దాకా అనంతపురం జిల్లానే.

ఇంగ్లీషు ఓడ సంగతి సరే, తెలుగు మాటల్లో కాలయంత్రం ఎక్కడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ వెండితెర మీద. సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' అది. కథానాయకుడు బాలకృష్ణ తర్వాత 2014లో ఈ సీమలోని హిందూపురం నుంచే శాసనసభకు వెళ్లడం వేరే ముచ్చట. ఆ యంత్రం 1526లో కృష్ణదేవరాయల కాలంలో దిగి, అక్కడి నుంచి ఏకంగా 2504కు దూకుతుంది. 1565లో విజయనగరం కూలాక రాజధాని తరలివచ్చింది హిందూపురానికి దగ్గర్లోనే ఉన్న పెనుకొండకు. ఆ యంత్రాన్ని అక్కడ మాత్రం ఆపలేదు.