బర్మా కాందిశీకులు: సాయం లెక్కలో దళిత కూలీ ఎక్కడ?

విదేశాల్లో యుద్ధం వచ్చి తెలుగువాళ్లు తిరిగి రావడం అంటే ఇవాళ మనకు కువైట్, ఉక్రెయిన్ గుర్తొస్తాయి. వాటికంటే ముందు బర్మా ఉంది. 1942లో జపాన్ దాడి వల్ల, 1964లో సైనిక ప్రభుత్వ విధానాల వల్ల లక్షల మంది భారతీయులు అక్కడి నుంచి వచ్చేశారు. రెండుసార్లూ ప్రభుత్వాలు సాయం చేశాయి. ఆ సాయం ఎవరి నష్టాన్ని నష్టంగా లెక్కించిందన్నది మేం ఇక్కడ పరిశీలిస్తున్నాం.

వెళ్లింది ఎవరు?

బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అనేవారు. గోదావరి డెల్టాలోని కోరంగి రేవు నుంచి వచ్చిన పేరది. ఉత్తర కోస్తా, గోదావరి ప్రాంతాల నుంచి ఎక్కువమంది వెళ్లారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే అప్పుగా మారి వాళ్లను పనికి కట్టేసేది. రంగూన్ రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో కూలి, రిక్షా లాగడం వాళ్ల పనులు. నగరంలో పాకీ పని ఎక్కువగా తెలుగు దళితులే చేశారు. అంటే కులం కూడా సముద్రం దాటింది.

1942: నడక

1941 డిసెంబర్ 23న రంగూన్‌పై బాంబులు పడ్డాయి. ప్రోమ్ దారి పట్టిన కూలీలను మొదట్లో అధికారులు నచ్చజెప్పి వెనక్కి పంపారు. రేవు, నగరం నడవాలంటే వాళ్లు కావాలి. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. డబ్బున్నవాళ్లలో చాలామంది అప్పటికే ఓడెక్కారు. మిగిలినవాళ్లు టాంగప్ కనుమ మీదుగా అరకాన్ వైపు, లేదా తమూ, ఇంఫాల్ మీదుగా దిమాపూర్‌కు నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలాది మంది దారిలోనే చనిపోయారు.

దారిలో శిబిరాలు, తిండి, మందులు ఏర్పాటయ్యాయి. కానీ యూరోపియన్లకు ఒకలా, భారతీయులకు మరోలా ఏర్పాట్లు జరిగాయని అలహాబాద్‌లో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ నిరసించింది. జాతి వివక్షను అప్పుడే ప్రశ్నించారు. భారతీయుల్లోనే ఎవరు ఓడెక్కారు, ఎవరు నడిచారు అన్నది మాత్రం పెద్ద ప్రశ్న కాలేదు.

తిరిగొచ్చిన చోటా భద్రత లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపైనా జపాన్ బాంబులు వేసింది.

1964: ఓడలు, రుణాలు

1962లో నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలను జాతీయం చేసి, 50, 100 క్యాట్ నోట్లను రద్దు చేశాడు. భారత ప్రభుత్వం ఓడలు పంపింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ రోజుల గుర్తు. వ్యాపార రుణాలు, ఇళ్ల రుణాలు ఇచ్చారు. కాందిశీకుల కోసం 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. 1963 జూన్ 1 తర్వాత వచ్చినవారికి కేంద్ర ఉద్యోగాల్లో వయోపరిమితి సడలించారు.

ఇవన్నీ అవసరమైనవే. అయితే వ్యాపార రుణం కొట్టు పోయినవాడికి అందినంత సులువుగా రేవు కూలీకి అందదు. వయోపరిమితి సడలింపు చదువుకున్నవాడికే పనికొస్తుంది. కూలి పోవడం, ఉండే చోటు పోవడం ఆస్తి నష్టం కింద రాలేదు.

కుల ధ్రువీకరణ చిక్కు

ఎస్సీ ధ్రువీకరణ ఇచ్చేటప్పుడు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నాటికి కుటుంబం ఎక్కడ నివసించిందని చూస్తారు. అప్పుడు రంగూన్‌లో ఉన్న కుటుంబం ఏ కాగితం చూపించాలి? బర్మాలోని తెలుగు బాప్టిస్టు సంఘాల్లో ఉన్నవారికి ఇంకో అడ్డంకి. ఆ ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సీ కిందికి వస్తారు. దేశం మారినా పాకీ పని చేసిన కులంగా చూసిన చూపు మారలేదు, హక్కు మాత్రం మారిపోయింది.

ఇప్పుడు చేయాల్సింది

విజయవాడ, బందరు, గుడివాడ ప్రాంతాల విద్యార్థులకు మా సూచన: మీ వాడల్లో బర్మా వెళ్లొచ్చిన కుటుంబాలు ఉంటే పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయండి. ఓడ టికెట్లు, గుర్తింపు పత్రాలు, రుణ కాగితాలు, బాప్తిస్మ పత్రాలు ఫొటో తీసి పెట్టండి. ధ్రువీకరణ దరఖాస్తులకు ఇవి ఆధారం కావచ్చు.

ఉద్యమకారులకు ఒక డిమాండ్: విదేశాల నుంచి తరలించే ప్రతిసారీ ప్రభుత్వం వచ్చినవారి వృత్తిని, కులాన్ని, పోయిన కూలిని నమోదు చేయాలి. లెక్కలోకి రానివారికి సాయం అందలేదని ఆ తర్వాత నిరూపించడం కూడా కష్టమే.