ఒకే క్లబ్బు, రెండు తొలి సీజన్లు

ఈనాటి పాఠానికి కలకత్తా పటం ఒకటి ముందు పరచుకుందాం. నగరం నడిబొడ్డున మైదాన్ అనే విశాలమైన పచ్చిక బయలు కనిపిస్తుంది. అక్కడి నుంచి నైరుతి దిక్కుగా వస్తే ఖిదిర్‌పూర్ రేవు. దానికి చేరువలో, డైమండ్ హార్బర్ రోడ్డు దగ్గర ఏక్‌బాల్‌పూర్. ఇంకా పడమటికి, హుగ్లీ ఒడ్డున మటియాబుర్జ్. ఖిదిర్‌పూర్ రేవు 1892లో మొదలైంది. అంతకు ఒక ఏడాది ముందు, 1891లో, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ ఏర్పడింది. ఆ క్లబ్బు ఆడే స్థలం మైదాన్‌లోనే ఉన్నా, దాని నలుపు తెలుపు జెండాను సొంతం చేసుకున్నవి ఇటువంటి పేటలే.

ఈ క్లబ్బు చరిత్రలో ఒక విచిత్రం ఉంది. 1934లో ఇది కలకత్తా లీగ్ మొదటి డివిజన్‌లో తొలిసారి ఆడింది, అదే ఏడాది విజేత అయింది. సరిగ్గా తొంభై ఏళ్ల తరువాత, 2024లో, దేశంలోని అగ్రశ్రేణి ప్రొఫెషనల్ పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో తొలిసారి అడుగుపెట్టింది, అట్టడుగున నిలిచింది. క్లబ్బు అదే, నగరం అదే. ఫలితాలు మాత్రం ఎందుకు ఇంత వేరు? రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూసినట్టు చూద్దాం.

మొదట 1934 సంగతి. కలకత్తా లీగ్ 1898లో ప్రారంభమైంది. 1933 వరకు మొదటి డివిజన్ టైటిల్ ఒక్కసారి కూడా భారతీయ క్లబ్బుకు దక్కలేదు. తెల్లవారి పౌర క్లబ్బులో, సైనిక పటాలాల జట్లో గెలుస్తూ వచ్చాయి. డర్హమ్ పటాలం 1931 నుంచి 1933 దాకా వరుసగా మూడుసార్లు గెలిచింది. మోహన్ బగాన్ 1911లోనే ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచి దేశమంతటా పేరు తెచ్చుకుంది కదా, మరి లీగ్ ఎందుకు అందలేదు అని మీరు అడగవచ్చు.

షీల్డ్‌లో కొద్ది ఆటలు గెలిస్తే చాలు. లీగ్ అలా కాదు. అది వేసవిలో మొదలై వానల్లోకి సాగుతుంది. మనవాళ్లు ఎక్కువగా వట్టి కాళ్లతో ఆడేవారు. నేల పొడిగా ఉన్నంత కాలం వారి చురుకుదనానికి ఎదురు లేదు. వానలు పడ్డాక కథ తిరగబడేది.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం అవసరమవుతుంది. పరుగెత్తే మనిషి ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా నేల అతని పాదాన్ని పట్టి ఉంచాలి. ఆ పట్టునే ఘర్షణ అంటాం. పొడి పచ్చికపై ఘర్షణ గుణకం 0.6 అనీ, తడి పచ్చికపై 0.3 అనీ లెక్క కోసం అనుకుందాం. సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్న ఆటగాడు పొడి నేలపై సుమారు 3 మీటర్లలో ఆగగలడు. తడి నేలపై అతనికి 6 మీటర్లు కావాలి. ఈలోగా బంతి ఎదుటివాడి కాలికి చిక్కుతుంది. అడుగున గుబ్బలున్న బూటు అలా కాదు. గుబ్బలు మట్టిలోకి దిగుతాయి. అప్పుడు పాదాన్ని ఆపేది పైపై ఘర్షణ ఒక్కటే కాదు, మట్టి కూడా అడ్డు నిలుస్తుంది.

మహమ్మడన్ నిర్వాహకులు ఈ సూత్రాన్ని పుస్తకాల్లో చదివి ఉండకపోవచ్చు, కానీ ఆచరణలో పెట్టారు. చిత్తడి నేలపై తమ ఆటగాళ్లు బూట్లతో ఆడేలా అలవాటు చేశారు. ఆటగాళ్లను ఒక్క బెంగాల్ నుంచే కాక బెంగళూరు వంటి దూరప్రాంతాల నుంచీ రప్పించారు. 1933లో రెండో డివిజన్ నుంచి పైకి వచ్చేసరికి, వానకు సిద్ధమైన జట్టు వారి చేతిలో ఉంది. 1934తో మొదలైన విజయం 1938 దాకా వరుసగా ఐదేళ్లు సాగింది. 1936లో షీల్డ్ కూడా వచ్చింది. 1940లో డ్యూరాండ్ కప్ గెలిచిన తొలి భారతీయ పౌర క్లబ్బు కూడా ఇదే.

బూట్లే సర్వస్వం అనుకుంటే పొరపాటు. ఆ జట్టులోని సలీం మటియాబుర్జ్ వాడు. 1936లో స్కాట్లండ్ వెళ్లి, పాదాలకు పట్టీలు చుట్టుకుని, బూట్లు లేకుండానే సెల్టిక్ క్లబ్బు తరఫున ఆడి అక్కడి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. నైపుణ్యం పాదంలోనే ఉంటుంది. ఆ నైపుణ్యం వాన రోజున కూడా పనికివచ్చేలా చూడటం నిర్వాహకుల బాధ్యత.

ఇప్పుడు రెండో ప్రయోగానికి వద్దాం. 2023-24లో మహమ్మడన్ ఐ-లీగ్ గెలిచి సూపర్ లీగ్‌కు అర్హత సాధించింది. 2024 సెప్టెంబరు 16న తొలి ఆటలో నార్త్ఈస్ట్ యునైటెడ్ చేతిలో, అదనపు నిమిషాల్లో పడిన గోలుతో 0-1 తేడాతో ఓడింది. పది రోజులకే చెన్నై వెళ్లి 1-0తో గెలిచింది. అంటే ఆట రానివాళ్లు కాదు. కానీ సీజన్ సాగుతుండగా జీతాల బకాయిల గొడవ వార్తల్లోకెక్కింది. 2025 జనవరిలో కోచ్ ఆండ్రీ చెర్నిషోవ్ పదవి వదిలి వెళ్లిపోయారు. చివరికి 24 ఆటల్లో 13 పాయింట్లతో, 13 జట్లలో ఆఖరి స్థానం.

1934 నాటి ఆట కాగితం మీద అమెచ్యూర్ ఆట. ఇప్పటిది ప్రొఫెషనల్, అంటే ఆటే జీవనోపాధి. నెల జీతం అందని ఆటగాడు ఇంటద్దె గురించి ఆలోచిస్తూ బంతి వెంట పరుగెత్తాలి. రేవులో కూలి బాకీ పడితే పొయ్యి మీద ఏమవుతుందో ఏక్‌బాల్‌పూర్ వంటి పేటలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆనాడు జట్టు జారిపోకుండా చూసింది బూటు గుబ్బలైతే, ఈనాడు ఆ పని చేయవలసింది వేళకు అందే జీతం.

తొలి సీజన్‌లో ఓడితే అంతా అయిపోయినట్టేనా? కాదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2019-20 తొలి సీజన్‌లో 18 ఆటల్లో 10 పాయింట్లతో ఆఖరున నిలిచింది. నిలకడగా జట్టును కట్టుకుని 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేత అయింది. ఆ తరువాత ఆ క్లబ్బునూ డబ్బు ఇబ్బందులు చుట్టుముట్టాయి. ఆటగాళ్లు చెదిరిపోయారు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన నగరానికి ఆ జట్టే లేకుండా పోయింది.

సీజన్ పట్టికలో మనకు కనిపించేవి గెలుపు, ఓటమి, పాయింట్లు. వాటికి కారణాలు మాత్రం ఆ పట్టిక మొదలుకాక ముందే తయారవుతాయి. 1934 జూన్‌లో వాన వచ్చేనాటికి బూట్లు సిద్ధంగా ఉన్నాయి. ఈసారి కొత్త క్లబ్బు ఏదైనా పుట్టిందని వింటే, స్టార్ ఆటగాడు ఎవరని అడిగే ముందు, వాన రోజుకు వాళ్లేం సిద్ధం చేసుకున్నారో అడిగి చూడండి.