లండన్లో ఒక పేకమేడ

పేకమేడ అనే మాట మనం రాజకీయాల గురించి తెగ వాడేస్తుంటాం. నిజంగానే పేకమేడలా పేర్చిన ఇరవై రెండంతస్తుల బిల్డింగు ఒకటి తూర్పు లండన్లోని కానింగ్ టౌన్లో ఉండేది. పేరు రోనన్ పాయింట్.

రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి అటువైపు వీధులకి వీధులే పోయాయి. జనానికి ఇళ్ళు కావాలి, అదీ త్వరగా, చవగ్గా. పైగా 1956 చట్టం ప్రకారం బిల్డింగు ఎంత ఎత్తయితే ఒక్కో ఫ్లాటుకి సర్కారిచ్చే సబ్సిడీ అంత ఎక్కువ. ఇంక కౌన్సిళ్ళు ఊరుకుంటాయా?

న్యూహామ్ కౌన్సిల్ వాళ్ళు డెన్మార్క్ నించి వచ్చిన లార్సెన్-నీల్సెన్ పద్ధతిలో అక్కడ తొమ్మిది టవర్లు తలపెట్టారు. గోడలూ, శ్లాబులూ ఫ్యాక్టరీలో పోతపోసి, సైటుకి తెచ్చి, క్రేనుతో ఎత్తి ఒకదానిమీద ఒకటి పేర్చడమే. మన అపార్ట్‌మెంట్లలోలా పిల్లర్లూ బీములూ ఉండవు. పై గోడ బరువు కింది గోడే మోయాలి. రోనన్ పాయింట్లో 110 ఫ్లాట్లు. 1968 మార్చిలో జనం దిగారు.

రెండు నెలలు తిరిగాయో లేదో, మే 16 పొద్దున్నే 5:45కి పద్దెనిమిదో అంతస్తు మూల ఫ్లాటులో ఒకావిడ టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. స్టవ్వు దగ్గర నాసిరకం ఇత్తడి నట్టు విరిగి, రాత్రంతా గ్యాసు కారి ఉంది. పేలుడు మరీ అంత పెద్దదేం కాదు, ఆవిడ బతికింది, చెవులకి కూడా ఏమీ కాలేదు. కానీ మూలగోడ బయటికి ఎగిరిపోయింది. దాని ఆధారం పోయి పై నాలుగంతస్తుల మూలా కూలింది, ఆ బరువు మీద పడి కిందివి ఒక్కోటే దాదాపు నేలదాకా వచ్చాయి. నలుగురు చనిపోయారు, పదిహేడు మందికి గాయాలు. కూలినవాటిలో ఎక్కువ హాలు గదులు. అంత పొద్దున్నే జనం పడగ్గదుల్లో ఉన్నారు కాబట్టి సరిపోయింది గానీ, అదే సాయంత్రం టీవీ చూసే టైమైతే?

మా ఫీల్డులో ఒక్క సర్వరు పడితే సైటంతా పడిపోయేలా డిజైన్ చేస్తే రివ్యూలో తలంటేస్తారు. ఇక్కడ? గ్రిఫిత్స్ విచారణ కమిటీ ఏం తేల్చిందంటే, డిజైనే అంత, పనితనంలో లోపం లేదు, అప్పటి నిబంధనల్నీ ఎవరూ మీరలేదు. ఒక గోడ పోయినా మిగతా బిల్డింగు నిలబడాలన్న ఊసే ఆ నిబంధనల్లో లేదు మరి! 1970లో, ఐదంతస్తులు ఆపైన ఉన్నవాటికి ఆ షరతు చేర్చారు. ఇంగ్లండు చేసిన మంచి పని ఇది, తర్వాత చాలా దేశాలు నేర్చుకున్నాయి.

అన్నట్టు, రోనన్ పాయింట్‌ని వదిలెయ్యలేదు. ఆ మూల మళ్ళీ కట్టి, అతుకులు బిగించి, జనాన్ని మళ్ళీ అందులోనే పెట్టారు. శామ్ వెబ్ అనే ఆర్కిటెక్టు ఇది భద్రం కాదని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాడు. చివరికి 1986లో, మందుపాతరతో పేల్చకుండా, అంతస్తు తర్వాత అంతస్తు జాగ్రత్తగా విప్పారు. లోపల చూస్తే, సిమెంటు గట్టిగా కూరాల్సిన అతుకుల్లో ఖాళీలు, పాత న్యూస్‌పేపర్లు. మిగతా ఎనిమిది టవర్లనీ తర్వాత పడగొట్టేశారు.